నేరం నాళాలది కాదు!

‘కంటి నరాలు ఎండిపోయాయట!’... వంశపారంపర్యంగా చూపు తగ్గే జబ్బు ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే మాట ఇది. డాక్టరు చెప్పేది ఒకటి, ఇల్లు చేరేసరికి అది ఇలా మారుతుంది. అలాగని పూర్తిగా అబద్ధమూ కాదు. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బు ముదిరినవారి కంటి లోపలి భాగాన్ని ఫొటో తీస్తే రక్తనాళాలు నిజంగానే దారప్పోగుల్లా సన్నబడి కనిపిస్తాయి. మామూలు కంటి ఫొటోని పక్కన పెట్టి చూస్తే ఆ తేడా ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. నాళాలు సన్నబడ్డాయంటే రక్తం అందడం లేదని అర్థం. రక్తం బాగా ఆడేలా చేస్తే చూపు తిరిగొస్తుంది కదా! వినడానికి లెక్క సరిగ్గానే ఉంది. నీళ్లందక పైరు ఎండితే కాలవ బాగు చేయించమంటాం కదా. ‘రక్తప్రసరణ పెంచే’ మందులు, లేహ్యాలు, ఇంజెక్షన్లు అమ్ముడుపోయేది ఈ లెక్క మీదే. తీరా చూస్తే జరిగింది తలకిందులు. కాలవ పూడి పైరు చావలేదు. పైరు చచ్చిపోయాక, నీళ్లతో పనిలేక కాలవ పూడుకుపోయింది. ఈ సంగతి తేలడానికి వందేళ్లకు పైగా పట్టింది. అందులో పెద్ద పాత్ర కంటి రక్తనాళాలకు తీసిన ఫొటోలదే.

రేచీకటి... రెండు రకాలు

రేచీకటి అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది విటమిన్-ఎ. మునగాకు, బొప్పాయి, క్యారెట్ తినమంటారు. విటమిన్ లోపంతో వచ్చే రేచీకటి అలా తగ్గుతుంది కూడా. జన్యువుల్లోని లోపంతో వచ్చేది అలా కాదు. సందె వేళ గుమ్మం తట్టుకోవడం, సినిమాహాల్లో సీటు వెతుక్కోలేకపోవడంతో మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ పక్కచూపు తగ్గిపోతుంది. చివరికి గొట్టంలోంచి చూస్తున్నట్టు ఎదురుగా ఉన్న కాస్త భాగమే మిగులుతుంది. ఎదురుగా ఉన్న అక్షరం చదవగలిగే మనిషి పక్కనున్న స్టూలుకు తట్టుకుని పడతాడు. ‘చూసుకుని నడవొచ్చు కదా’ అని ఇంట్లోవాళ్లు విసుక్కోవడమూ మామూలే.

ఇదే రెటినైటిస్ పిగ్మెంటోసా. పేరులోని ‘ఐటిస్’ అంటే వాపు. అసలు ఇది వాపు జబ్బు కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో పెట్టిన పేరు అలాగే స్థిరపడిపోయింది. ప్రపంచం మొత్తమ్మీద సుమారు 4,000 మందికి ఒకరిలో ఇది ఉంటుందని అంచనా. మనదేశంలో ఇంకాస్త ఎక్కువ. నాగపూర్ దగ్గరి పల్లెల్లో 30 ఏళ్లు దాటినవారిని పరీక్షిస్తే సుమారు 750 మందికి ఒకరిలో కనిపించింది. మేనమామనో, మేనత్త కొడుకునో చేసుకునే మన ఆనవాయితీ ఇక్కడ గుర్తుచేసుకోక తప్పదు. జబ్బు బయటపడాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి... రెండు లోపభూయిష్ట జన్యువులు కలవాల్సిన రకాలు ఇందులో చాలా ఉన్నాయి. ఒకే వంశం వారైన దంపతుల్లో ఆ కలయికకి అవకాశం పెరుగుతుంది. అలాగని మేనరికం లేని ఇళ్లలో రాదనుకోకూడదు. ఇప్పటికి బయటపడ్డ జన్యువులే పదుల సంఖ్యలో ఉన్నాయి, సంక్రమించే తీరు కూడా ఒక్కో దానిది ఒక్కోలా ఉంటుంది.

నాణెం ఎగరేశారు!

శరీరంలో కోత పెట్టకుండా రక్తనాళాలను నేరుగా చూడగలిగే చోటు కన్ను. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ వాన్ హెల్మ్‌హోల్ట్జ్ తన ఆఫ్తాల్మోస్కోప్‌ను లోకానికి పరిచయం చేశాక డాక్టర్లు తొలిసారి కంటి అడుగుభాగాన్ని స్పష్టంగా చూడగలిగారు. రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవారి కళ్లలో వాళ్లకు మూడు గుర్తులు కనిపించాయి... మసి చిందినట్టు నల్లటి మచ్చలు, మైనంలా పాలిపోయిన నాడి మొదలు, సన్నబడ్డ రక్తనాళాలు. ఆ గుర్తులు నేటికీ వైద్య విద్యార్థుల పాఠంలో ఉన్నాయి.

అయితే నాళాన్ని చూడటం వేరు, అందులో రక్తం ఎలా పారుతోందో చూడటం వేరు. ఆ రెండోది సాధ్యం చేసింది కంటి వైద్యులు కాదు, ఇద్దరు కుర్రాళ్లు. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ నొవోట్నీ, డేవిడ్ ఆల్విస్ అప్పటికింకా వైద్య విద్యార్థులు. ఫ్లోరెసీన్ అనే రంగు పదార్థం మీద వాళ్ల చూపు పడింది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త అడాల్ఫ్ వాన్ బేయర్ 1871లో తయారుచేసిన పదార్థమది. నీలి కాంతి పడితే పచ్చగా మెరుస్తుంది. దాన్ని చేతి నరంలోకి ఎక్కించి, కంట్లోకి నీలి కాంతి పంపి, పచ్చ మెరుపును మాత్రమే పట్టే వడపోత అద్దంతో వరసగా ఫొటోలు తీస్తే..? రక్తం ప్రయాణించే దారంతా వెలుగుతుంది కదా!

ఆలోచన బాగానే ఉంది. మరి సూది ఎవరు వేయించుకోవాలి? నాణెం ఎగరేశారు. ఆల్విస్ వంతు వచ్చింది. నొవోట్నీ సూది వేశాడు. కొన్ని క్షణాల్లోనే స్నేహితుడి కంట్లో రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా పచ్చగా వెలిగాయి.

ఆ వ్యాసాన్ని కంటి వైద్యుల పత్రికలు వెనక్కి పంపేశాయి. చివరికి 1961లో గుండె, రక్తప్రసరణకు సంబంధించిన ‘సర్క్యులేషన్’ పత్రిక అచ్చేసింది. ఆ తర్వాత ఇన్ని దశాబ్దాలుగా మధుమేహంతో కంటి ఆసుపత్రికి వెళ్లినవారిలో ఎంతోమంది చేయించుకున్న ‘రంగు ఎక్కించే పరీక్ష’ ఇదే. గుండెకు తీసే యాంజియోగ్రామ్ లాంటిదే కంటికీ అన్నమాట. కాకపోతే గొట్టాలు దూర్చే పని లేదు. పరీక్ష అయ్యాక కొద్ది గంటలపాటు చర్మం పచ్చబడి, మూత్రం నారింజ రంగులో వస్తుంటే కామెర్లేమోనని హడలిపోయేవారూ ఉంటారు. భయం లేదు, ఒకట్రెండు రోజుల్లో అదే పోతుంది. కొందరికి వికారం, ఎప్పుడో అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తాయి. అందుకే ఈ పరీక్షను అత్యవసర మందులు అందుబాటులో ఉన్నచోటే చేస్తారు.

హవానాకి ప్రయాణం

సన్నబడ్డ నాళాలు ఇలా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంటే, జబ్బుకి మూలం అవేననుకోవడం సహజం. ఆ నమ్మకం మీద ఏకంగా ఒక వైద్యమే పుట్టింది, క్యూబాలో. హవానాలో డాక్టర్ ఓర్ఫీలియో పెలాయెస్ ఆధ్వర్యంలో రెటినైటిస్ పిగ్మెంటోసాకి ప్రత్యేక చికిత్స మొదలైంది. రెటీనాకు రక్తం పెరగాలని కన్ను దగ్గర ఆపరేషన్, ఓజోన్ వాయువు కలిపిన రక్తం ఎక్కించడం, విద్యుత్ ప్రేరణ... ఇదీ వరస. తమ దేశంలో ‘దీనికి మందు లేదు’ అనిపించుకున్నవారు ఎక్కడెక్కడి నుంచో విమానాలెక్కారు.

వాళ్లకి నిజంగా మేలు జరిగిందా? అమెరికాలో ఎలియట్ బెర్సన్ బృందం ఈ ప్రశ్నకి జవాబు వెతికింది. హార్వర్డ్‌కు అనుబంధమైన ఆసుపత్రిలో ఈ జబ్బు మీదే జీవితాన్ని వెచ్చించిన డాక్టరాయన. క్యూబా వెళ్లాలని నిర్ణయించుకున్న పదిమందిని ప్రయాణానికి ముందు, తిరిగొచ్చిన కొన్ని నెలల తర్వాత పరీక్షించారు. 1996లో ఫలితాలు వెలువడ్డాయి. మేలు జరిగిన దాఖలా లేదు. పైగా జబ్బును ఇంకాస్త ముదరబెట్టి ఉండొచ్చన్న అనుమానమూ మిగిలింది.

పది మందేగా అనొచ్చు. కానీ ఆ చికిత్స వల్ల చూపు పెరిగిందని అంతే పకడ్బందీగా నిరూపించినవారూ లేరు. ఎండమావి కోసం అప్పు చేసి అంతదూరం వెళ్లిన కుటుంబాలను తప్పుపట్టలేం. చూపు తగ్గిపోతున్న బిడ్డ ఇంట్లో ఉంటే ఎవరైనా విమానం ఎక్కుతారు. తప్పుపట్టాల్సింది, రుజువు లేకుండా సొమ్ము తీసుకునేవారిని.

ఆకలి తగ్గింది... అన్నమూ తగ్గింది

ఇంతకీ నాళాలు ఎందుకు సన్నబడతాయి?

రెటీనాకు రక్తం రెండు వైపుల నుంచి వస్తుంది. లోపలి సగానికి కంటి అడుగున కనిపించే నాళాల నుంచి అందుతుంది. వెనక సగంలో, అంటే వెలుగును పట్టుకునే దండ కణాలు, శంకు కణాలు ఉన్నచోట ఒక్క నాళమూ ఉండదు. వాటికి ఆక్సిజన్ వెనకనున్న కోరాయిడ్ పొర నుంచి ఊరుతుంది. దండ కణాల ఆకలి అంతా ఇంతా కాదు. శరీరంలో ఆక్సిజన్‌ని అతి ఎక్కువగా ఖర్చు చేసే కణాల్లో అవీ ఒకటి. విచిత్రమేమంటే, వెలుతురులో కన్నా చీకట్లోనే వాటి ఖర్చు ఎక్కువ.

రెటినైటిస్ పిగ్మెంటోసాలో జన్యులోపం వల్ల ముందుగా చనిపోయేది చాలావరకూ ఈ దండ కణాలే. తినేవాళ్లు పోయారు, కోరాయిడ్ మాత్రం ఎప్పటిలాగే వండి వారుస్తోంది. మిగిలిపోయిన ఆక్సిజన్ రెటీనా లోపలి పొరల దాకా చేరుతుంది. ఆక్సిజన్ ఎక్కువైనచోట రెటీనా నాళాలు ముడుచుకుంటాయి. అది వాటి స్వభావం. అలా ఏళ్ల తరబడి ముడుచుకుని, సన్నబడిపోతాయి. దీనికి జంతువుల్లో మంచి రుజువే దొరికింది. ఈ జబ్బు ఉన్న ఎలుకలను ఆక్సిజన్ తక్కువగా ఉన్న గాలిలో ఉంచి చూశారు. సన్నబడ్డ నాళాలు తిరిగి విచ్చుకున్నాయి! 2000లో అమెరికాలో జరిగిన పరిశోధన ఇది. నాళాలు నిజంగా దెబ్బతిని ఉంటే అలా కోలుకోవు కదా.

ఇంకో ఆధారం మన ఇళ్లలోనే దొరుకుతుంది. మధుమేహం ముదిరితే కంట్లో ఆక్సిజన్ చాలక, పిచ్చిమొక్కల్లా కొత్త నాళాలు పుట్టుకొచ్చి రక్తం కారుతుంది. రెటినైటిస్ పిగ్మెంటోసా, మధుమేహం రెండూ ఉన్నవారిలో ఆ పిచ్చి నాళాలు అరుదుగా కనిపిస్తాయని డాక్టర్లు ఎప్పట్నుంచో గమనించారు. వాళ్ల రెటీనాకి ఆక్సిజన్ కరువు లేదు మరి! అలాగని షుగర్‌ని నిర్లక్ష్యం చేయొచ్చని కాదు.

నాళాలు సన్నబడిపోయాక మిగిలిన కణాలకు మరింత చేటు జరుగుతుందా అన్న చర్చ సాగుతూనే ఉంది. జరగొచ్చు. కానీ మొదటి దెబ్బ వాటిది కాదు. రక్తప్రసరణ పెంచుతామనే సీసా కొనేముందు తెలుసుకోవాల్సింది ఈ ఒక్క ముక్కే. విటమిన్ల సంగతీ అంతే. కేంద్ర చూపును దెబ్బతీసే స్టార్‌గార్ట్ అనే మరో వంశపారంపర్య జబ్బులో విటమిన్-ఎ మాత్రలు మంచి చేయకపోగా చెడు చేసే ప్రమాదముంది. డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు.

సూదీ లేదు... రంగూ లేదు

పసిపిల్లలకూ, అలర్జీ ఉన్నవారికీ రంగు ఎక్కించే పరీక్ష కష్టమే. పైగా ఇవి ఏళ్ల తరబడి నడిచే జబ్బులు, పరీక్షలు మళ్లీ మళ్లీ చేయాలి. ప్రతిసారీ సూది అంటే ఎవరు ఒప్పుకుంటారు? ఓసీటీ యాంజియోగ్రఫీ ఆ ఇబ్బందిని చాలావరకూ తీర్చింది.

ఓసీటీ అంటే కాంతి పుంజంతో రెటీనా పొరలను కేకు ముక్క కోసినట్టు అడ్డంగా చూపించే యంత్రం. అమెరికాలోని ఎంఐటీలో జేమ్స్ ఫుజిమోటో, డేవిడ్ హువాంగ్ తదితరులు 1991లో దీన్ని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. రెండు దశాబ్దాల తర్వాత ఆ డేవిడ్ హువాంగే, యాలీ జియాతో కలిసి ఒరెగాన్‌లో దానికి మరో చిట్కా జోడించారు. 2012లో ఆ పద్ధతి ప్రచురితమైంది. చిట్కా చాలా తేలిక. మేడ మీద నుంచి ఒక వీధిని వెంటవెంటనే నాలుగైదు ఫొటోలు తీశారనుకోండి. ఇళ్లూ చెట్లూ అన్నిట్లో ఒకేచోట ఉంటాయి. ఆటోలూ స్కూటర్లూ మాత్రం చోటు మారతాయి. ఫొటోలను పోల్చి, మారని వాటన్నిటినీ చెరిపేస్తే? మిగిలేది రాకపోకలే. కంట్లో కదిలేవి ఎర్ర రక్తకణాలు. కదలిక ఉన్న ప్రతి చోటునీ గుర్తుపెట్టుకుంటూ పోతే కేశనాళికల వల మొత్తం బొమ్మకడుతుంది, అదీ పొరలు పొరలుగా... పైవల, లోతువల, కోరాయిడ్ అంచున ఉండే సన్నటి జాలీ అన్నీ విడివిడిగా.

రంగు పరీక్షలో ఈ పొరలన్నీ ఒకదాని మీద ఒకటి పడి కలగలిసిపోయేవి. ఇప్పుడు విడదీసి చూస్తుంటే రెటినైటిస్ పిగ్మెంటోసాలో లోతువల బాగా పలచబడుతోందని, నాళాల వల నిండుగా మిగిలినవారిలో సాధారణంగా చూపూ మెరుగ్గా మిగులుతోందని పలు దేశాల పరిశోధకులు గమనించారు. మగపిల్లల్లో వచ్చే కోరాయిడెరీమియా అనే జబ్బుది మరో కథ. ఆఖరి దశలో కోరాయిడ్ నాళాలు మాయమై కంటి వెనకగోడ తెల్లగా బయటపడుతుంది. అందుకే కోరాయిడే దోషి అన్నట్టుగా పంతొమ్మిదో శతాబ్దంలో ఆ పేరు పెట్టారు. కొత్త ఫొటోలు చూస్తే, రెటీనా వెనకనున్న వర్ణక పొర బాగున్నంత మేరా దానికింది నాళాలు కూడా చాలావరకూ బాగానే ఉన్నాయి. ముందు పొర పోతోంది, ఆ వెంట నాళాలు పోతున్నాయి. ఇక్కడా నేరం వాటిది కాదన్నమాట.

యంత్రానికి కొన్ని లోపాలూ లేకపోలేదు. నాళం లోంచి రక్తం కారుతోందా లేదా అన్నది ఇది చూపించలేదు, పారుతోందా లేదా అన్నదే చూపిస్తుంది. ప్రవాహం మరీ మందగిస్తే నాళమే లేదన్నట్టు చూపిస్తుంది. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది, ఫొటో తీసే ఆ కొద్ది క్షణాలూ చూపు ఒకేచోట నిలపాలి. చిన్నప్పుడే ఈ జబ్బులు వచ్చినవారిలో చాలామందికి కనుగుడ్లు వాటంతట అవే ఊగుతుంటాయి. మాక్యులా దెబ్బతిన్నవారికి యంత్రంలో కనిపించాల్సిన గుర్తే కనబడదు. ఎవరి కోసం యంత్రం ఎక్కువ అవసరమో వాళ్లనే పట్టుకోలేకపోవడం... డాక్టర్లను విసిగించే సంగతిది.

ఇంత చేసి ఫొటో చికిత్సేమీ కాదుగా అంటే, కాదు. ఆర్‌పీఈ65 అనే ఒక్క జన్యువు లోపానికి 2017 డిసెంబరులో అమెరికా అనుమతించిన జన్యు చికిత్స లక్స్‌టర్నా ఉంది. రెండు కళ్లకూ కలిపి అప్పట్లో దాని ధర 8.5 లక్షల డాలర్లు! ఇతర జన్యువులకు ప్రయోగాలు నడుస్తున్నాయి. అలాంటి ప్రయోగాల్లో మందు పనిచేస్తోందో లేదో చెప్పడానికి ఏళ్లు ఆగకుండా ముందే పసిగట్టే కొలతలు కావాలి. నాళాల ఫొటో అందులో ఒకటి కావచ్చన్నది ఆశ.

ఇక్కడ మాత్రం ఆలస్యం చేయొద్దు

నాళాలు సాక్షులే అన్న మాటకి మినహాయింపులున్నాయి. ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సినవి నిజానికి ఇవే.

ఒకటి బెస్ట్ వ్యాధి. ‘బెస్ట్’ అంటే మంచిదని కాదు, 1905లో దీన్ని వివరించిన జర్మన్ డాక్టర్ ఫ్రీడ్రిష్ బెస్ట్ పేరది. చిన్న వయసులోనే మాక్యులా దగ్గర గుడ్డు పచ్చసొనలాంటి మచ్చ ఏర్పడుతుంది. మచ్చ అంత ఉన్నా చాలామందికి ఏళ్ల తరబడి చూపు బాగానే ఉంటుంది. కానీ కొందరిలో ఆ మచ్చ కింద కొత్త నాళాలు మొలుస్తాయి. అవి చిట్లితే చూపు ఒక్కసారిగా పడిపోతుంది. రంగు పరీక్షలో ఆ పసుపు పదార్థం కూడా మెరిసి కంగాళీ చేస్తుంది. ఏది నాళమో, ఏది మచ్చో పోల్చుకోవడం కష్టం. ఓసీటీ యాంజియోగ్రఫీలో రక్తం పారే నాళం విడిగా తేలుతుంది. కనిపించిన ప్రతి నాళానికీ చికిత్స అక్కర్లేదు. కారుతూ చూపును తినేస్తున్న వాటికి మాత్రం కంట్లోకి ఇచ్చే ఇంజెక్షన్లున్నాయి. మధుమేహానికీ, వయసుతో వచ్చే మాక్యులా జబ్బుకీ వాడే మందులే అవి. గీతలు వంకరగా కనబడటం, చదివే అక్షరం చెదరడం హఠాత్తుగా మొదలైతే ఆ వారంలోనే పరీక్ష చేయించుకోవాలి.

రెండోది నాళాలదే అసలు జబ్బు. ఎఫ్ఈవీఆర్ అంటారు. 1969లో అమెరికా డాక్టర్లు క్రిస్విక్, షెపెన్స్ తొలిసారి వివరించారు. కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు రెటీనా నాళాలు మధ్యలోంచి బయలుదేరి అంచుల దాకా పాకాలి. నెలలు నిండేసరికి ఆ ప్రయాణం దాదాపు పూర్తవుతుంది. ఈ జబ్బులో అవి మధ్యదారిలోనే ఆగిపోతాయి. కాలవ చివరి భూములకు నీళ్లు చేరనట్టే. నిజంగానే రక్తం అందని ఆ అంచులు ఆక్సిజన్ కోసం కేకలు పెడతాయి. పిచ్చి నాళాలు పుడతాయి. అవి రెటీనాను లాగి, కొన్నిసార్లు ఊడదీసేస్తాయి. నెలలు తక్కువ పిల్లల్లో వచ్చే కంటి జబ్బులాంటిదే, కానీ నెలలు నిండి పుట్టినవాళ్లలో వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

దీని విచిత్రం ఏమిటంటే, ఒకే ఇంట్లో ఒక బిడ్డకి పుట్టుకతోనే చూపు లేకపోవచ్చు, అదే జన్యులోపం ఉన్న తండ్రికి జీవితమంతా ఏమీ తెలియకపోవచ్చు. కళ్లజోడు లేకుండా పేపరు చదివే ఆ తండ్రి కంట్లోనూ అంచుల దగ్గర నాళాలు ఆగిపోయి ఉంటాయి. మామూలు పరీక్షలో అది దొరక్కపోవచ్చు. రంగు ఎక్కించి, అంచుల దాకా పట్టే వెడల్పాటి ఫొటో తీస్తే తెలుస్తుంది. ఓసీటీ యాంజియోగ్రఫీ చూపు ఇంకా అంతదూరం హాయిగా పారదు కనుక ఇక్కడ పాత సూదే నయం. రక్తం అందని అంచులకు సకాలంలో లేజర్ చేస్తే చాలామందిలో రెటీనా ఊడకుండా కాపాడవచ్చు. కారణమైన జన్యువుల్లో ఎల్ఆర్‌పీ5 అనేది ఎముకలనూ పలచబరుస్తుంది. అందుకని కొందరికి ఎముకల సాంద్రత పరీక్షా రాస్తారు.

ఇలాంటి బిడ్డ ఉన్నప్పుడు పరీక్ష ఆ ఒక్కరితో ఆగదు. పసివాళ్లయితే ఆపరేషన్ థియేటర్లో మత్తిచ్చి, కంటి మీద ఆనించే కెమెరాతో నాళాల ఫొటోలు తీస్తారు. బయట బల్ల మీద కూర్చున్న అమ్మానాన్నలను, అక్కాతమ్ముళ్లను కూడా లోపలికి పిలుస్తారు. ‘మాకేం లేదండీ, మాకు బాగానే కనబడుతోంది’ అని వాళ్లంటారు. అయినా కళ్లలో చుక్కలు వేసి వరుసగా కూర్చోబెడతారు.